టెన్త్, ఇంటర్ పిల్లలకి కంప్యూటర్ సైన్స్, కంప్యూటర్ ఇంజనీరింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తా, ఉండేది నిజాంపేట్‌లో. ఆదివారం పొద్దున మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఓ పది మంది పిల్లల్ని కూర్చోబెట్టుకుని ప్రోగ్రామింగ్, కాస్త ఎలక్ట్రానిక్స్ చెప్తుంటా, ఫీజు గీజు ఏం లేదు. టెన్త్ రిజల్ట్స్ వచ్చాయంటే చాలు లిఫ్ట్‌లో, కిరాణా షాపు దగ్గర, ఆఖరికి పెళ్ళి భోజనాల్లో పప్పు వడ్డించుకుంటూ కూడా అవే ప్రశ్నలు అడుగుతారు, అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి ఒక్కసారి రాసి పెడుతున్నా.

టెన్త్ అయిపోయింది, మావాడికి కంప్యూటర్లంటే పిచ్చి. ఇంటర్‌లో కంప్యూటర్ గ్రూప్ ఏది అన్నా?

స్టేట్ బోర్డు అయితే మామూలు గ్రూపుల్లో అలాంటిది లేదు. ఎంపీసీ అంటే మాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, రెండు లాంగ్వేజీలు, అంతే. 1998లోనే సైబర్ టవర్స్ కట్టుకున్న ఊళ్ళో ఎంపీసీ పిల్లాడు రెండేళ్ళపాటు ఒక్క ప్రోగ్రామ్ కూడా రాయకుండా బయటికొస్తాడంటే నాకు ఇప్పటికీ మింగుడుపడదు, కానీ ఉన్న సంగతి ఇది. బీటెక్‌లో సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్ అండ్ ఇంజనీరింగ్) కావాలంటే మాత్రం దారి ఎంపీసీ నుంచే పోతుంది, కాబట్టి గ్రూప్ గురించి పరేషాన్ కావొద్దు, ఎంపీసీ తీసుకోండి, కంప్యూటర్ సంగతి పక్కన సొంతంగా చూసుకోవాలి.

ఎవరైనా కాలేజీ వాళ్ళు "మా దగ్గర కంప్యూటర్స్ కూడా ఉంది సార్" అంటే ఒక్క మాట అడగండి, అది మార్క్స్ మెమోలో కనపడే సబ్జెక్టా లేక మీరు వారానికో గంట చెప్పే క్లాసా అని. ఒకేషనల్‌లో కంప్యూటర్ కోర్సులు నిజంగానే ఉన్నాయి, కానీ అటు వెళ్ళి తర్వాత ఇంజనీరింగ్ కావాలంటే బ్రిడ్జ్ కోర్సు (ఎంపీసీ సబ్జెక్టుల లోటు పూడ్చే అదనపు పేపర్లు) రాయాల్సి ఉంటుంది, అది చేరేముందే తెలుసుకోండి, సెకండియర్‌లో తెలుసుకుని ఏడ్చినవాళ్ళని చూశా.

అయితే సీబీఎస్‌ఈలో వేయడం బెటరా?

సీబీఎస్‌ఈలో 11, 12 తరగతులకి కంప్యూటర్ సైన్స్ సబ్జెక్టుగా ఉంది, కోడ్ 083. ఇంకోటి ఇన్ఫర్మాటిక్స్ ప్రాక్టీసెస్, కోడ్ 065. రెండూ కలిపి తీసుకోనివ్వరు. మాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఇంగ్లీష్ పోగా ఐదో సబ్జెక్టుగా దీన్ని పెట్టుకోవచ్చు, ఎంట్రన్స్‌లకి ఏ ఇబ్బందీ ఉండదు. 083లో 12వ తరగతికి థియరీ 70, ప్రాక్టికల్ 30, ఆ 70లో 40 దాకా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ లాంగ్వేజే, 20 డేటాబేస్, 10 నెట్‌వర్క్స్. ఇన్ఫర్మాటిక్స్ ప్రాక్టీసెస్‌లో డేటా టేబుల్స్, గ్రాఫులు ఎక్కువ, కాస్త తేలికగా ఉంటుంది, కామర్స్ పిల్లలు కూడా తీసుకుంటారు. ఇంజనీరింగ్ మైండ్‌లో ఉంటే 083 తీసుకోండి. ఐసీఎస్‌ఈ స్కూళ్ళలో జావా చెప్తారు, అదీ బానే ఉంటుంది.

కానీ ఈ ఒక్క సబ్జెక్టు కోసం స్కూల్ మార్చి, ఫీజు డబుల్ కట్టి, పిల్లాణ్ణి కొంపల్లి నుంచి కొండాపూర్‌కి బస్సులో తిప్పడం నాకైతే నచ్చదు. చేర్చేముందు ఒకసారి వాళ్ళ ల్యాబ్‌కి వెళ్ళి చూడండి. పిల్లలు రికార్డు బుక్‌లో ప్రోగ్రామ్ అందంగా నీలం ఇంకుతో రాసి, అవుట్‌పుట్ కూడా పక్కవాడిది చూసి రాస్తున్నారంటే ఆ సబ్జెక్టు ఉన్నా లేనట్టే. ఎర్రర్లతో కుస్తీ పడుతూ గోల గోలగా ఉంటే అది మంచి ల్యాబ్.

కంప్యూటర్ సైన్స్ వేరు, కంప్యూటర్ ఇంజనీరింగ్ వేరా? రెండూ ఒకటే అనుకున్నాం కదా?

మెట్రో ఎక్కుతారు కదా, అమీర్‌పేట్‌లో గేటు మీద కార్డు పెడతారు, గేటు తెరుచుకుంటుంది. ఆ కార్డులో బ్యాటరీ ఉండదు. రీడర్ నుంచి వచ్చే అయస్కాంత క్షేత్రంలోంచే కార్డులో ఉన్న చిన్న చిప్ కరెంటు తీసుకుని ఒక్క క్షణం బతికి, తన నంబర్ చెప్పి మళ్ళీ పడుకుంటుంది. ఆ చిప్, దాని చుట్టూ ఉన్న తీగ చుట్ట, రీడర్ బోర్డు, గేటు మోటర్‌ని నడిపే చిన్న కంప్యూటర్, ఇదంతా కంప్యూటర్ ఇంజనీరింగ్ వైపు. ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగారో చూసి ఛార్జీ లెక్కగట్టడం, అదే కార్డుకి రెండుసార్లు డబ్బులు కట్ కాకుండా చూడటం, లైన్ మారాల్సి వస్తే దగ్గరి రూట్ ఏదో కనుక్కోవడం, ఇది కంప్యూటర్ సైన్స్. మధ్యలో గీత గీసినట్టు ఏమీ ఉండదు, రెండూ ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోతాయి.

మన దగ్గర పేర్లు ఇంకా తికమక. బీటెక్‌లో "కంప్యూటర్ సైన్స్ అండ్ ఇంజనీరింగ్" అని రెండూ కలిపి పేరు పెట్టారు కానీ లోపల సైన్స్ పాలే ఎక్కువ. చిప్ డిజైన్, ఎంబెడెడ్ (యంత్రాల లోపల ఉండే చిన్న కంప్యూటర్లు) లాంటివాటి మీద ఇష్టం ఉంటే చాలావరకు ఈసీఈలో (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ ఇంజనీరింగ్) దొరుకుతాయి. హైదరాబాద్‌లో క్వాల్‌కామ్, ఏఎండీ లాంటి కంపెనీల్లో చిప్‌ల మీద పనిచేసేవాళ్ళు వేలమంది ఉన్నారు, వాళ్ళలో ఈసీఈ వాళ్ళు బోలెడు. సీఎస్‌ఈ సీటు రాలేదని ఈసీఈలో చేరిన పిల్లాణ్ణి చుట్టాలు పరామర్శించడం ఇకనైనా ఆపితే బావుంటుంది.

మాథ్స్ అంటే భయం, అయినా సీఎస్ చేయొచ్చా?

చేయొచ్చు, కానీ ఏ మాథ్స్ అంటే భయమో చూడండి. చాలామందికి భయం లెక్కంటే కాదు, టైమ్ పెట్టి చేయించే లెక్కలంటే. కంప్యూటర్ సైన్స్‌లో రోజూ పనికొచ్చేవి ఫంక్షన్లు, మాట్రిసెస్, పర్ముటేషన్స్ కాంబినేషన్స్, ప్రాబబిలిటీ, ఇవన్నీ ఇంటర్‌లో ఎలాగూ చదువుతారు. మేం చదివేటప్పుడు మాథమాటికల్ ఇండక్షన్‌ని "ఏడు మార్కుల ప్రశ్న, స్టెప్పులు బట్టీ పట్టెయ్" అని దాటేశాం, నాలుగేళ్ళ తర్వాత బీటెక్‌లో రికర్షన్ (ఒక ఫంక్షన్ తనని తానే పిలుచుకోవడం) చెప్తుంటే అరె ఇది అదే కదా అనిపించింది. ఒకటికి పనిచేస్తుంది, ఒకదానికి పనిచేస్తే పక్కదానికీ పనిచేస్తుంది, కాబట్టి అన్నిటికీ పనిచేస్తుంది. రెండిటికీ ఆలోచన ఇదొక్కటే.

ఏ లాంగ్వేజ్‌తో మొదలుపెట్టాలి?

పైథాన్. ఆర్నెల్లు తర్వాత సీ కూడా కాస్త చూడండి, మెమరీ అంటే ఏంటో తెలుస్తుంది. ఈ ప్రశ్న మీద ఇంతకంటే టైమ్ పెట్టొద్దు.

తెలుగు మీడియం. ఇంగ్లీష్ సరిగా రాదు. కోడింగ్ అర్థమవుతుందా?

పైథాన్‌లో గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సిన కీవర్డ్స్ 35, ఇఫ్, ఎల్స్, ఫర్, వైల్ లాంటివి. మన పిల్లలు క్రికెట్ కామెంటరీలో అంతకంటే ఎక్కువ ఇంగ్లీష్ వింటారు. వేరియబుల్ (విలువ దాచుకునే డబ్బా లాంటిది) పేర్లు తెలుగులో పెట్టుకున్నా పైథాన్ 3 ఒప్పుకుంటుంది, "మార్కులు" అనో "మొత్తం" అనో పెట్టి రాయండి, రన్ అవుతుంది. ముందు ముందు ఎర్రర్ మెసేజ్‌లు చదవడానికి ఇంగ్లీష్ కావాలి, అది నెమ్మదిగా వస్తుంది.

అసలు తెలుగు వచ్చినవాడికే కనపడే ఒక తమాషా ఉంది, ప్రతి బ్యాచ్‌లో చేయిస్తా. తిప్పి చదివినా ముందుకి చదివినా ఒకేలా ఉండే పదాన్ని కనిపెట్టే ప్రోగ్రామ్ అన్ని పుస్తకాల్లో ఉంటుంది, పదాన్ని రివర్స్ చేసి రెండూ సమానమా అని చూడటమే. ఇంగ్లీష్ పదాలతో బానే చేస్తుంది. మనకి చిన్నప్పట్నుంచీ తెలిసిన పదం ఏది, వికటకవి, తెనాలి రామలింగడి బిరుదు. అది ఇస్తే పైథాన్ "కాదు" అంటుంది!

పిల్లలు మొదట కోడ్ తప్పనుకుంటారు, మళ్ళీ మళ్ళీ టైప్ చేస్తారు, ఒకడైతే కీబోర్డు పాడైందన్నాడు. అప్పుడు "వికటకవి" పొడవెంతో అడగమంటా. మన లెక్కలో వి, క, ట, క, వి, అయిదు అక్షరాలు. కంప్యూటర్ 7 అంటుంది. ఎందుకంటే యూనికోడ్‌లో (కంప్యూటర్లు అక్షరాలకి నంబర్లిచ్చే పద్ధతి) "వి" ఒక ముక్క కాదు, వ ఒకటి, గుడి ఇంకోటి. అంటే దాని దృష్టిలో వరస ఇదీ: వ, గుడి, క, ట, క, వ, గుడి. దీన్ని తిప్పితే మొదట గుడి వస్తుంది, తర్వాత వ. ఇంకెలా సమానమవుతుంది? "తెలుగు" అని ఇచ్చినా మూడు అనదు, 6 అంటుంది. ఇప్పుడు గుణింతం గుర్తుల్ని ముందున్న అక్షరానికి అతికించి ముక్కలు చేసి అప్పుడు తిప్పండ్రా అని వదిలేస్తా. మామూలుగా గంట పడుతుంది. ఆ గంటలో లిస్టులు, లూపులు, షరతులు అన్నీ వచ్చేస్తాయి, ఒత్తులున్న పదాలిస్తే ఇంకో గంట. ఇంతా చేసి కంప్యూటర్ దృష్టిలో "అక్షరం" అంటే ఏంటి అన్న ప్రశ్న దగ్గరికి వస్తారు, గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో భారతీయ భాషల మీద రీసెర్చ్ చేసేవాళ్ళకి ఒక లాబే ఉంది, వాళ్ళు కూడా ఇలాంటి చోటే మొదలుపెట్టి ఉంటారు.

ల్యాప్‌టాప్ కొనే స్తోమత ఇప్పుడు లేదు.

మొదటి రెండు మూడు నెలలకి ఫోన్ చాలు, పైడ్రాయిడ్ లాంటి యాప్‌లో చిన్న ప్రోగ్రాములన్నీ నడుస్తాయి. టైపింగే విసుగు, పాత యూఎస్‌బీ కీబోర్డు ఒకటి ఓటీజీ కేబుల్‌తో (ఫోన్‌కి యూఎస్‌బీ వస్తువులు తగిలించే వైరు) పెట్టుకుంటే ఆ బాధ కూడా తీరుతుంది. తర్వాత సెకండ్ హ్యాండ్ తీసుకోవాలంటే సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీ అనే కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్ళండి. 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉంటే చాలు, గ్రాఫిక్స్ కార్డు అని షాపువాడు ఎక్కిస్తే లైట్ తీసుకోండి, అది గేములకి. అక్కడే నిలబడి కీబోర్డులో ప్రతి కీ నొక్కి చూడండి, ఛార్జర్ తీసేసి పది నిమిషాలు నడపండి. సిగ్గుపడొద్దు, అందరూ అలాగే చూస్తారు.

అమీర్‌పేట్‌లో కోర్సు చేయిస్తే?

మైత్రీవనం చుట్టూ ఉన్న ఇన్‌స్టిట్యూట్లు డిగ్రీ, బీటెక్ అయిపోయి ఉద్యోగానికి తయారయ్యేవాళ్ళ కోసం, వాళ్ళకి నిజంగా పనికొస్తాయి, సగం ఐటీ కారిడార్ ఆ మెట్లెక్కి వచ్చిందే. టెన్త్ పిల్లలకి కాదు. నన్ను ఇంటర్ ఫస్టియర్ సెలవుల్లో మా నాన్న ఒకచోట జావాలో చేర్పించాడు. రెండొందల మంది హాలు, సార్ మైకులో డిక్టేట్ చేస్తుంటే మేం నోట్సు రాసుకోవడం, ఆరు వారాల్లో ల్యాబ్ ముట్టుకున్నది రెండుసార్లు. ఆఖర్న సర్టిఫికెట్ ఇచ్చారు, మా అమ్మ లామినేషన్ చేయించింది. ఇప్పటికీ బీరువాలో ఉంది, ఎవరూ అడగలేదు, ఎక్కడా చూపించలేదు.

హార్డ్‌వేర్ నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒక్క రూపాయి ఖర్చు లేకుండా కావాలంటే టింకర్‌క్యాడ్ అని బ్రౌజర్‌లో నడుస్తుంది, అందులో బొమ్మ సర్క్యూట్లు కట్టొచ్చు. చేత్తో పట్టుకోవాలంటే కోఠి గుజరాతీ గల్లీ. మొదటిసారి వెళ్తే తల తిరుగుతుంది, రెసిస్టర్లు కిలోల లెక్కన కనపడతాయి, జనం మధ్యలోంచి బండ్లు దూరుతుంటాయి. చీటీ రాసుకుని వెళ్ళండి: బ్రెడ్‌బోర్డు (సోల్డరింగ్ లేకుండా వైర్లు గుచ్చుకునే పలక) ఒకటి, 7486 ఐసీ (ఎక్స్-ఆర్ గేట్ల చిప్) ఒకటి, 7408 (యాండ్ గేట్ల చిప్) ఒకటి, ఎల్‌ఈడీలు, 330 ఓమ్ రెసిస్టర్లు, కాసిని జంపర్ వైర్లు. ఇంటిల్లిపాదీ ఒకసారి బిర్యానీ తిన్నంత ఖర్చు కూడా అవ్వదు.

వీటితో రెండు బైనరీ అంకెలు (0 లేదా 1) కూడే సర్క్యూట్ కట్టొచ్చు, హాఫ్ యాడర్ అంటారు. రెండు ఇన్‌పుట్లు, 7486 మొత్తం చెప్తుంది, 7408 క్యారీ చెప్తుంది. ఒకటి, ఒకటి ఇస్తే మొత్తం లైటు ఆరిపోయి క్యారీ లైటు వెలుగుతుంది, అంటే 10, బైనరీలో రెండు. మీ ఫోన్‌లో ప్రాసెసర్ చేసే కూడిక లోపల్లోపల ఇదే, చాలా చాలా చిన్నగా, వేగంగా.

మా బ్యాచ్‌లో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి కట్టింది, రెండు ఇన్‌పుట్లూ ఆఫ్‌లో పెట్టింది, ఒక లైటు ఆరట్లేదు. ఐసీ పోయిందని వాళ్ళన్నయ్య, బ్యాటరీ ఎక్కువైందని ఇంకోడు. తర్వాత చూస్తే ఒక వైరు ఊడి గాల్లో వేలాడుతోంది. ఈ రకం ఐసీల్లో ఇన్‌పుట్‌ని దేనికీ కలపకుండా వదిలేస్తే అది దాన్ని 1 అనుకుంటుంది. సున్నా కావాలంటే తీసుకెళ్ళి గ్రౌండ్‌కి కలపాలి, ఊరికే వదిలేస్తే సున్నా అవ్వదు. ఆ అమ్మాయి అప్పట్నుంచీ ఏది పనిచేయకపోయినా ముందు వైర్లు లెక్కపెడుతుంది. ఇంకో జాగ్రత్త, వీటికి 5 వోల్టులే, 9 వోల్టుల బ్యాటరీ నేరుగా పెడితే ఐసీకి దండ వేయాల్సిందే. తర్వాత ఆర్డుయినో ఊనో ఆర్3 అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డు కొనుక్కోండి, దాని ర్యామ్ మొత్తం 2 కిలోబైట్లే, అంత ఇరుకింట్లో ప్రోగ్రామ్ సర్దడం కూడా ఒక చదువే.

ఇంటర్‌లో చేరితే ఇవన్నీ చేయడానికి టైమ్ ఎక్కడిది? పొద్దున ఆరు నుంచి రాత్రి దాకా స్టడీ అవర్సే.

నిజమే, రెసిడెన్షియల్ అయితే ఫోన్ కూడా ఉండదు. అందుకే టెన్త్ పరీక్షలైపోయాక వచ్చే రెండు నెలలు బంగారం, ఆ టైమ్‌లో బేసిక్స్ అయిపోగొట్టండి. ఇంటర్‌లో ఆదివారం ఒక గంట, అది కుదరని వారం కాగితం మీద. ఒక చిన్న ప్రోగ్రామ్ రాసి, వేరియబుల్స్ విలువలు గడులు గీసి లైను లైనుకీ నింపుకుంటూ పోతే కంప్యూటర్ లేకుండానే సగం చదువు అయిపోతుంది. రెండేళ్ళు కాస్త వెనకబడ్డా కొంప మునగదు, ఎంట్రన్స్ ముందు ఏప్రిల్‌లో కొత్త ప్రాజెక్ట్ మొదలుపెట్టే పిల్లల్ని మాత్రం నేనే తిడతా.

సీఎస్‌ఈ సీటుకి ఏ ఏ పరీక్షలు?

తెలంగాణలో ఈఏపీసెట్, పాత ఎంసెట్టే: మాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40, మొత్తం 160 ప్రశ్నలు, మూడు గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. సగం మార్కులు మాథ్స్‌వే అని గుర్తుంచుకోండి. ఇంటర్ మార్కుల వెయిటేజ్ తీసేశారు, కానీ గ్రూప్ సబ్జెక్టుల్లో జనరల్ వాళ్ళకి 45 శాతం రావాలి. ఎన్‌ఐటీలకి జేఈఈ మెయిన్, కంది దగ్గర ఉన్న ఐఐటీ హైదరాబాద్‌కైనా ఇంకే ఐఐటీకైనా అడ్వాన్స్‌డ్, శామీర్‌పేట్ వైపు బిట్స్‌కి బిట్‌శాట్. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ 1998 నుంచి ఉంది, దానికి జేఈఈ మెయిన్ ఒక దారి, రీసెర్చ్‌తో కలిపి చేసే డ్యూయల్ డిగ్రీకి వాళ్ళదే యూజీఈఈ అని వేరే పరీక్ష ఉంది, ఇది చాలామందికి తెలీక మిస్సవుతారు.

టెన్త్ తర్వాత పాలిటెక్నిక్ తక్కువ చదువా?

ఎవరన్నారు? పాలిసెట్ రాస్తే మూడేళ్ళ డిప్లొమా, అందులో కంప్యూటర్ ఇంజనీరింగ్ పేరుతోనే బ్రాంచ్ ఉంది. ఎంపీసీ పిల్లాడు కెమిస్ట్రీ సమీకరణాలతో కొట్టుకుంటుంటే వీడు మొదటి ఏడాదే సీ ప్రోగ్రాములు రాస్తుంటాడు. తర్వాత ఈసెట్ రాసి నేరుగా బీటెక్ సెకండియర్‌లో చేరొచ్చు. మాసబ్ ట్యాంక్, రామంతాపూర్‌లలో గవర్నమెంట్‌వి ఉన్నాయి, అమ్మాయిలకి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో కమలా నెహ్రూ ఉంది. మైనస్ ఏంటంటే మాథ్స్ లోతు తగ్గుతుంది, ఐఐటీ ఆశ ఉన్నవాళ్ళకి ఈ దారి కష్టం. బాసర ట్రిపుల్ ఐటీ ఇంకో దారి, టెన్త్ మార్కుల మీద సీటు, ఆరేళ్ళు అక్కడే.

బైపీసీ తీసుకున్నాం, ఎంఈసీ తీసుకున్నాం, ఇక కంప్యూటర్స్ గోవిందానా?

బీటెక్ సీఎస్‌ఈ అయితే కష్టం. దోస్త్‌లో (డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ అడ్మిషన్) బీసీఏ, బీకామ్ కంప్యూటర్స్ లాంటివి చూడండి, తర్వాత ఐసెట్ రాసి ఎంసీఏ. నాతో పనిచేసినవాళ్ళలో ఇద్దరు ఈ దారినే వచ్చారు, మీటింగ్‌లో ఎవరిది ఏ గ్రూపో ఎవరూ అడగరు.

ఒలింపియాడ్ అంటారే, అది ఏంటి?

ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్, స్కూల్ పిల్లలకే. మొదటి మెట్టులో ఒక పరీక్ష కంప్యూటర్ మీద, ఇంకోటి పెన్ను కాగితంతో, ఏదైనా రాయొచ్చు. పెన్ను కాగితం దానికి ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు, పజిల్స్‌లా ఉంటాయి. రాంక్ రాకపోయినా పాత పేపర్లు దొరికితే చేయించండి, ఈఏపీసెట్ బిట్లు చేసి చేసి అలసిపోయిన బుర్రకి గాలి ఆడుతుంది.

ఏఐ అన్నీ రాసేస్తోంది కదా, ఇంకా ఇవన్నీ నేర్చుకోవడం దేనికి?

పైన చెప్పిన వికటకవి ప్రోగ్రామ్ అడిగి చూడండి. ఒక్కోసారి సరిగ్గా ఇస్తుంది, ఒక్కోసారి ఉత్త రివర్స్ చేసి చేతిలో పెడుతుంది, అది కూడా చాలా కాన్ఫిడెంట్‌గా. ఏది ఇచ్చిందో తేల్చుకోవాల్సింది మీ అమ్మాయే. మా క్లాసులో రూల్ ఏంటంటే ముందు అరగంట సొంతంగా కొట్టుకోవాలి, తర్వాత ఏఐని అడగొచ్చు, అడిగాక ప్రతి లైనూ నాకు తెలుగులో చెప్పాలి. చెప్పలేని లైను చెరిపేస్తాం. చాలాసార్లు చెరిపేశాక కూడా ప్రోగ్రామ్ నడుస్తుంది, అది వేరే కామెడీ.

మీ ఆదివారం క్లాసుకి మావాణ్ణి పంపొచ్చా? ఏం తేవాలి?

ఎనిమిదో తరగతి దాటితే పంపండి, పొద్దున పదింటికి. నోట్‌బుక్, పెన్సిల్ చాలు, ల్యాప్‌టాప్ ఉంటే సరే, లేకపోతే ఇద్దరికొకటి సర్దుతా. టిఫిన్ తినిపించి పంపండి. వాటర్ బాటిల్ మూత మాత్రం గట్టిగా బిగించి పంపండి, పోయిన నెల ఒకడిది బ్రెడ్‌బోర్డు మీద ఒలికింది, ఆ రోజంతా హాఫ్ యాడర్ ఏం కూడినా రెండే వచ్చింది.